యూయూడీకోడ్: ప్రతి వరుసలోని మొదటి అక్షరం చేసిన మేలు

విశాఖపట్నంలో సముద్ర పరిశోధనతో ముడిపడిన ఒక కార్యాలయంలో, 1990ల నాటి ఈమెయిళ్లలో అక్షరాల రూపంలో మిగిలిపోయిన ఆటుపోట్ల కొలతలను తిరిగి బైనరీ ఫైళ్లుగా మార్చడం నా పని. అందుకు కమాండ్ లైన్‌లో నడిచే యూయూడీకోడ్ అనే ప్రోగ్రామ్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. మెయిల్‌ను మొత్తంగా అందిస్తే చాలు, చిరునామాలనూ పలకరింపులనూ దాటుకుంటూ వెళ్లి ఫైలు మొదలయ్యే చోటును చూపే ‘బిగిన్’ అన్న వరుసను అదే వెతికి పట్టుకోవడం నాకు మొదటి నుంచీ ఎంతో నచ్చింది.

అయితే, ఈ ఎన్‌కోడింగ్ మీద నాకు అసలైన గౌరవం కలిగించినది చెడిపోయిన ఒక ఫైలు. అది ఏ ఫిర్యాదూ లేకుండా డీకోడ్ అయింది గానీ, కొలత యంత్రం ఆగిపోయి వరుసగా సున్నాలు ఉండవలసిన గంటలలో అర్థంలేని అంకెలు కనిపించాయి. ఫైళ్లను అక్షరాలుగా మార్చే పాత యూయూఎన్‌కోడ్ సున్నాను ఖాళీ స్థలంగా రాసేది. తర్వాతి రూపాలు దాని బదులు వెనక్కు వాలిన కొటేషన్ గుర్తును వాడాయి. దారిలో ఏదో మెయిల్ వ్యవస్థ వరుసల చివరి ఖాళీలను కత్తిరించివేయడంతో, సున్నాలు ఎక్కువగా ఉన్న చోటే నష్టం జరిగింది.

ఇక్కడే 1980లో మేరీ ఆన్ హార్టన్ రూపొందించిన ఆ అమరిక నన్ను ఆశ్చర్యపరిచింది. వరుసలోని మొదటి అక్షరం అందులో ఎన్ని బైట్లు ఉన్నాయో చెబుతుంది. పెద్ద ‘ఎం’ ఉంటే 45 బైట్లు, అంటే మూడు బైట్లకు నాలుగు అక్షరాల చొప్పున దాని తర్వాత 60 అక్షరాలు ఉండి తీరాలి. తక్కువ పడినవి ఖాళీలే కాబట్టి, ఆక్ అనే, వరుసలను సవరించే భాషలో రాసిన చిన్న స్క్రిప్ట్‌తో ప్రతి వరుసనూ ఆ పొడవుకు నింపి మళ్లీ డీకోడ్ చేస్తే సున్నాలన్నీ తమ స్థానాల్లోకి వచ్చాయి. పైథాన్‌లోని బైన్‌ఆస్కీ మాడ్యూల్ అయితే వరుస చివర తరిగిపోయిన ఖాళీలను తానే సున్నాలుగా భావిస్తుంది. దానితో సరిచూస్తే రెండు ఫలితాలూ అక్షరాలా ఒకటే. ఆ పాటి జాగ్రత్త మా యంత్రంలోని యూయూడీకోడ్ కూడా తీసుకుని ఉంటే, కనీసం ఒక హెచ్చరికైనా ఇచ్చి ఉంటే బాగుండేది.

‘బిగిన్’ వరుసను తానే పట్టుకుంటుందని మెచ్చుకున్నాను గానీ, ఆ వరుసలో రాసి ఉన్న ఫైలు పేరును కూడా అది అంతే సులువుగా నమ్ముతుంది. మా దగ్గర చాలా నెలల ఫైళ్లకు ఒకే పేరు ఉంది. ‘హైఫన్ ఓ’ ఇచ్చి వేరే పేరు చెప్పకపోతే, తర్వాతి నెల ముందు నెల మీద పడుతుంది. ఊరూపేరూ తెలియని చోటు నుంచి వచ్చిన మెయిళ్లకైతే ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఒక్కో ఫైలు ఒకే మెయిల్‌లో పూర్తిగా ఉండే నా పనికి ఇది సరిపోతుంది. ముక్కలుగా విడిపోయి, వరుస తప్పి వచ్చిన వాటిని కలపవలసినవారికి యూయూడీవ్యూ అనే ప్రోగ్రామ్ మేలు. మైమ్ పద్ధతిలో (మెయిళ్లకు ఫైళ్లను జతచేసే తర్వాతి ప్రమాణం) వచ్చిన మెయిళ్లకు బేస్64 కమాండ్ వేరే ఉంది. ఖాళీలు నింపే మరమ్మతును మాత్రం అందరూ చేయవచ్చని చెప్పలేను, ఎందుకంటే ఈ యూయూఎన్‌కోడ్ పద్ధతిలో చెక్‌సమ్, అంటే డేటా చెడిందో లేదో పట్టిచ్చే సరిచూపు అంకె, లేదు: వరుస మరో కారణంతో తెగిపోయినా, నింపిన సున్నాలు నిజమైన కొలతల్లాగే కనిపిస్తాయి. సరిచూసుకోవడానికి మా దగ్గర ఆనాటి కాగితపు పట్టికలు ఉన్నాయి కాబట్టే నేను ఆ ఫైళ్లను వాడకానికి ఇచ్చాను.