వాట్సాప్‌లో యూకేజీ: కంచరపాలెం నుంచి ఒక తల్లి అనుభవం

మా ఇంటి దగ్గర ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో మా వాడు 2020 జూన్ నుంచి ఏడాదంతా యూకేజీ ఫోన్‌లోనే చదివాడు. ఇప్పటికీ వానలకి సెలవులిస్తే అదే గ్రూపు నడుస్తుంది. పిల్లల్ని చేర్చబోయేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

పొద్దున్న తొమ్మిదింటికి వీడియోలు, వెనకే వర్క్‌షీట్లు, మధ్యాహ్నం ఒంటిగంటలోపు ఫొటోలు పెట్టాలి. మాకున్నది ఒక్కటే స్మార్ట్‌ఫోను. మావారికి పోర్టులో షిఫ్టు డ్యూటీ, ఫోను ఆయనతోనే వెళ్లిపోయేది. ఆయన ఇంటికొచ్చేసరికి అందరి ఫొటోలూ వచ్చేసి, "ఈ బాబుది ఇంకా రాలేదు" అని గ్రూపులో పేరు పెట్టి మరీ అడిగి ఉండేవారు. ఎంత బాధగా ఉండేదో. విడిగా అడగొచ్చు కదండీ. ఆ కంగారులో రెండుసార్లు వాడి చెయ్యి పట్టుకుని నేనే రాయించి ఫొటో పెట్టేశాను. మెచ్చుకుంటూ చప్పట్ల బొమ్మలొచ్చాయి గానీ వాడికి అక్షరం రాలేదు.

అదీగాక రోజూ రెండు గంటలు ఫోను ముందు కూర్చోబెట్టడం చాలా తప్పు. యూకేజీ వరకూ ఉన్న పిల్లలకైతే రోజుకి అరగంట మించకుండా, అదీ తల్లిదండ్రులతోనే మాట్లాడమని 2020 జులైలో కేంద్రం ఇచ్చిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకాల్లోనే ఉంది. ఫీజు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు.

కానీ తెలుగు మిస్ గురించి చెప్పకపోతే అన్యాయం. మా వాడు 'మ'కి తోక మర్చిపోయేవాడు, 'మర' కాస్తా 'వర' అయ్యేది. ఆవిడ మేం పంపిన ఫొటో మీదే ఎర్రగీతతో తోక గీసి, విడిగా వాయిస్ మెసేజ్ పెట్టారు: "నాన్నా, మ తోక ఏదమ్మా? పైకి లాగు, చూస్తాను." ఫోను చెవికి ఆనించుకుని నాలుగుసార్లు విన్నాడు. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, పలక మీద బలపం కిర్రుమనేలా లాగాడు తోక. మళ్లీ మర్చిపోలేదు. ఐదేళ్ల పిల్లాడికి ఆ పది సెకన్ల పిలుపు చేసిన మేలు ఏ వీడియో చెయ్యలేదు.

వాయిస్ మెసేజ్‌లకి ఐదు స్టార్లు, మిగతాదానికి రెండు.

ఈ ఏడు మా పాపని చేర్చేముందు రెండే అడిగాను. ఫొటోలకి రాత్రి ఎనిమిది వరకూ టైమివ్వాలి, రాకపోతే నాకు విడిగా చెప్పాలి. రెండింటికీ ఒప్పుకున్నారు. తెలుగు మిస్ కూడా అక్కడే ఉన్నారు. చేర్పించాను.