ధర్మకాంటా తెర కోసం జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ: దీర్ఘకాలం వాడిన తర్వాత

మిర్యాలగూడ చుట్టుపక్కల బియ్యం మిల్లుల్లో ధర్మకాంటా దగ్గర బరువు చూపించే ప్రోగ్రాం ఒకదాన్ని నేను సీ భాషలో రాసి, ఇప్పటికీ నిర్వహిస్తున్నాను. కాంటా గదిలో గుమాస్తా ముందు ఒక తెర ఉంటుంది. వడ్లు తెచ్చిన రైతు, లారీ డ్రైవరు చూడడానికి కిటికీ బయట పెద్ద తెర ఇంకొకటి ఉంటుంది. ఈ రెండు తెరలపై విండోలు తెరిచి నడపడానికి మొదటి నుంచీ జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ లైబ్రరీనే (మన ప్రోగ్రాంలో కలుపుకునే సిద్ధమైన కోడ్) వాడుతున్నాను. వానకాలం, యాసంగి పంటలు ఎన్నో ఈ ప్రోగ్రాం ముందు తూకమయ్యాయి కనుక, దాని గుణదోషాలను వివరంగా చెప్పగలనని అనుకుంటున్నాను.

2002లో మార్కస్ గీల్‌నార్డ్ మొదలుపెట్టిన ఈ లైబ్రరీని తర్వాత కమిల్లా లోవీ ముందుకు నడిపించారు. విండో తెరవడం, అందులో గీయడానికి ఓపెన్‌జీఎల్ కాంటెక్స్ట్‌ను గానీ వల్కన్ సర్ఫేస్‌ను గానీ (ఆ రెండూ గ్రాఫిక్స్ గీయించే వ్యవస్థలు) సిద్ధం చేయడం, కీబోర్డు, మౌస్, జాయ్‌స్టిక్ కదలికలను అందించడం, మానిటర్ల వివరాలు చెప్పడం దీని పనులు. బటన్లు, అక్షరాలు, బొమ్మల ఫైళ్లు, శబ్దం దీని పరిధిలోకి రావు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఒకే కోడ్ పనిచేస్తుంది. జెడ్‌లిబ్ లైసెన్సు కింద ఉంది కాబట్టి, అమ్ముకునే ప్రోగ్రాంలో కలుపుకోవడానికి రుసుము లేదు, మన సోర్సు బయటపెట్టాలన్న షరతూ లేదు. చేసే పని తక్కువైనా, ఎంతవరకు చేస్తుందో ఎక్కడ ఆగుతుందో దాని పత్రాల్లో స్పష్టంగా రాసి ఉండడమే నన్ను ఇన్నాళ్లూ దీనితో ఉంచింది.

నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది ఈవెంట్ల (కీ నొక్కడం, మౌస్ కదలడం వంటివి) కోసం వేచి ఉండే పద్ధతి. ఆటల ప్రోగ్రాంలలో పోల్ ఈవెంట్స్ ఫంక్షన్‌ను ఆగకుండా పిలుస్తూ ప్రతి ఫ్రేమునూ గీస్తారు. బరువు మారినప్పుడు మాత్రమే గీయాల్సిన తెరకు అది అనవసరం. అందుకే మెయిన్ థ్రెడ్‌ను (ప్రోగ్రాంలో విడిగా నడిచే పనుల వరుసల్లో ప్రధానమైనది) వెయిట్ ఈవెంట్స్‌ ఫంక్షన్‌లో నిద్రపుచ్చి, కాంటా ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్టు ద్వారా వచ్చే అంకెలను వేరే థ్రెడ్‌లో చదివిస్తాను. అంకె మారగానే ఆ థ్రెడ్ పోస్ట్ ఎంప్టీ ఈవెంట్‌ను పిలిచి మెయిన్ థ్రెడ్‌ను లేపుతుంది. జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూలో ఎక్కువ ఫంక్షన్లను మెయిన్ థ్రెడ్ నుంచే పిలవాలన్న నియమం ఉన్నా, దీన్ని ఏ థ్రెడ్ నుంచైనా పిలవవచ్చు. మిల్లు గదిలో ఊక, తవుడు దుమ్ము కంప్యూటర్ ఫ్యానులో చేరడం మామూలే. అటువంటి చోట ప్రాసెసర్ ఊరికే తిరగకుండా ఉండడం చిన్న విషయం కాదు.

రెండో తెర దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. పూర్తి తెర విండోపై నుంచి ఫోకస్ పోతే దాన్ని తనంతట తానే కిందికి దించేయడం ఈ లైబ్రరీ సహజ నడవడి. అంటే గుమాస్తా తన తెర మీద ఇంకేదైనా ప్రోగ్రాం నొక్కితే, బయట రైతు చూస్తున్న బరువు మాయమవుతుంది. విండో తెరిచే ముందే ఆటో ఐకనిఫై అనే సూచనను ఆపేస్తే ఈ సమస్య ఉండదు. తెరలు రెండున్న ప్రోగ్రాం రాసేవారు మొదట చేయవలసిన పని ఇదేనని నా అభిప్రాయం. బయటి మానిటర్ కనెక్షన్ ఊడినప్పుడు దానిపై ఉన్న పూర్తి తెర విండోను లైబ్రరీ మామూలు విండోగా మార్చి, ఆ తర్వాత మనకు కబురు చేస్తుంది. మానిటర్ తిరిగి వచ్చినప్పుడు విండోను మళ్లీ అక్కడికి పంపే కోడ్ మాత్రం మనమే రాసుకోవాలి.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన లోపం విండోస్‌లో ఉంది. గుమాస్తా విండో పైపట్టీని మౌస్‌తో పట్టుకుని లాగుతున్నంతసేపు ఈవెంట్ల ఫంక్షన్ వెనక్కి రాదు, మెయిన్ లూప్ మొత్తం ఆగిపోతుంది. ఇది విండోస్ సొంత పద్ధతి వల్ల వచ్చే చిక్కే, కానీ ఫలితాన్ని అనుభవించేది బయట నిలబడిన మనిషి. లారీ కాంటా మీద ఉండగా అంకె కదలకుండా నిలిచిపోతే రైతుకు అనుమానం రావడం న్యాయమే. విండో పరిమాణం మారుతున్నప్పుడు రిఫ్రెష్ కాల్‌బ్యాక్‌లో (లైబ్రరీ తానే పిలిచే మన ఫంక్షన్) గీసి గట్టెక్కవచ్చు గానీ, ఊరికే జరుపుతున్నప్పుడు అది సరిపోదు. కాంటెక్స్ట్‌ను వేరే థ్రెడ్‌కు అప్పగించడం, బఫర్లు మార్చడం (గీసినదాన్ని తెర మీదికి తేవడం) మెయిన్ థ్రెడ్‌కే పరిమితం కావు కాబట్టి, బయటి తెరను పూర్తిగా ప్రత్యేక థ్రెడ్‌లో గీయిస్తున్నాను. అప్పటి నుంచి లోపల ఎవరు విండోను ఎటు లాగినా బయట అంకె నడుస్తూనే ఉంటుంది.

పాత కంప్యూటర్‌లో విండోస్ కొత్తగా ఎక్కించి గ్రాఫిక్స్ డ్రైవర్ వేయకపోతే, విండోస్ తనవైపు నుంచి ఇచ్చేది ఓపెన్‌జీఎల్ 1.1 మాత్రమే, 3.3 అడిగిన ప్రోగ్రాంలో విండో తెరుచుకోదు. ఎర్రర్ కాల్‌బ్యాక్‌ను లైబ్రరీని ప్రారంభించకముందే పెట్టుకునే వీలుంది కనుక, కారణం లాగ్ ఫైలులో దొరుకుతుంది. ఫోన్‌లోనే విషయం చెప్పి డ్రైవర్ వేయించగలుగుతున్నాను. మ్యాక్ గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. అక్కడ ఓపెన్‌జీఎల్ 4.1 దగ్గరే నిలిచిపోయింది, మిల్లుల్లో మ్యాక్ వాడేవారు నాకు తారసపడలేదు.

లినక్స్‌లో జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ 3.4 వెర్షన్ (2024లో వచ్చింది) మేలు చేసింది. అంతకుముందు ఎక్స్11 కావాలో వేలాండ్ కావాలో (లినక్స్‌లో విండోలను చూపించే రెండు వ్యవస్థలు) కంపైల్ చేసేటప్పుడే తేల్చుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఒకే బైనరీ రెండింటిలోనూ నడుస్తుంది. అయితే వేలాండ్‌లో విండోను తెరపై ఫలానా చోట పెట్టమని కోరే వీలు ప్రోగ్రాంకు లేదు. రెండు విండోలను పక్కపక్కన అమర్చాలనుకునేవారు దీన్ని ముందుగానే దృష్టిలో పెట్టుకోవాలి.

ఇక తెలుగు. తెరపై తెలుగు చూపించే భారం పూర్తిగా మనదే: ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చడానికి హార్ఫ్‌బజ్, అక్షర రూపాలను గీయడానికి ఫ్రీటైప్ కలుపుకున్నాను. చూపించడం వరకు అది తృప్తిగా సాగింది. టైపు చేయించడం దగ్గరే ఈ లైబ్రరీ నన్ను నిరాశపరిచింది. తెలుగు అక్షరాలను నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో కొడితే క్యారెక్టర్ కాల్‌బ్యాక్‌కు యూనికోడ్ సంకేతాలు ఒక్కొక్కటిగా వస్తాయి, వాటితో పని జరుగుతుంది. కానీ మా గుమాస్తాల్లో ఎక్కువమంది ఇంగ్లిషు అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించే పద్ధతికి అలవాటుపడినవారు. ఆ పద్ధతిలో ఇంకా ఖాయం కాని మాటను విండో లోపల చూపించే ఏర్పాటు 3.4లోనూ లేదు. ఇలాంటి పనులే చేసే ఎస్‌డీఎల్ అనే ఇంకో లైబ్రరీలో దీనికి ప్రత్యేకమైన టెక్స్ట్ ఎడిటింగ్ ఈవెంట్ ఉంది, సూచనల పెట్టె ఎక్కడ కనిపించాలో చెప్పే వీలూ ఉంది. అందుకని రైతు పేరు, ఊరు, వడ్ల రకం నమోదు చేసే తెరను ఎస్‌డీఎల్‌తో విడి ప్రోగ్రాంగా రాశాను. బరువు చూపించే రెండు తెరలు మాత్రం జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ మీదే ఉన్నాయి, వాటిని మార్చే ఆలోచన నాకు లేదు.