బీటిల్ హ్యాండ్‌బ్రేక్: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

మా 1971 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు వచ్చి ఎనిమిదేళ్లయింది. ఇంజను సంగతీ, ఆ చప్పుడు సంగతీ అందరికీ తెలిసిందే. ఈ బండిలో నాకు ప్రాణం మాత్రం హ్యాండ్‌బ్రేక్, దాన్ని మన చేత్తో మనమే సరిచేసుకోగలగడం. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, అంటే చక్రంతో తిరిగే డ్రమ్మును లోపలినుంచి ఒత్తి ఆపేవి. లివర్ నుంచి వెనక చక్రాలకు చెరో కేబుల్. లివర్ మొదట్లో రబ్బరు తొడుగు పైకి లాగితే కేబుళ్ల కొసలూ నట్లూ ఎదురుగా కనిపిస్తాయి. సీట్లో కూర్చునే పనైపోతుందని మొదటి ఏడాది తెగ మురిసిపోయాను, పదిమందికీ చెప్పాను.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సాయంత్రం ఎత్తు రోడ్డు మీద, ముక్కు పైకి ఉండేలా బండి ఆపాను. అంతకు నెల ముందే ఒక షాపులో నట్లు బిగించి ఇచ్చారు. లివర్ లాగితే మూడు టిక్కులకే (టిక్‌మనే మెట్లకే) గట్టిగా నిలబడుతోంది కదా అని ధీమా. ఆ రోజు గేరులో వేయడం మరిచాను. తలుపేసి నాలుగడుగులు వేశానో లేదో, వెనక గరగరమని చప్పుడు. తిరిగి చూస్తే బండి మెల్లగా కిందికి జారుతోంది! గుండె ఆగినంత పనైంది. ముందు చక్రాలు రోడ్డు వైపు తిప్పి ఉండటంతో టైరు ఫుట్‌పాత్ గట్టుకు ఆని నిలిచింది. ఆ ఊళ్లో 3 శాతం దాటిన వాలులో అలా తిప్పి ఆపాలని చట్టం. కింద ఆగి ఉన్న కారు దానివల్లే బతికింది.

ఇంటికొచ్చి వెనక భాగం పైకెత్తి లివర్ లాగి చూశాను. ఎడమ చక్రం పట్టేసింది, కుడిది చేత్తో తిప్పితే తిరుగుతోంది. షూలు (డ్రమ్మును లోపలినుంచి ఒత్తే బ్రేకు పట్టీలు) అరిగి డ్రమ్ముకు దూరమైతే, ఆ ఖాళీని కేబుల్ బిగించి కప్పేశారు. ఎడమ కేబుల్ ముందే బిగిసి లివర్‌ను ఆపేసింది. కుడివైపు షూలకు కేబుల్ లాగే బలం అందనే లేదు.

అప్పటినుంచి నట్లు మొదట వదులు చేస్తాను. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, డ్రమ్ము వెనక పళ్లెంలో ఉన్న రబ్బరు బిరడాలు తీస్తాను. లోపల ఒక్కో షూకీ ఒక పళ్ల చక్రం ఉంటుంది. బండి చక్రం కదలనంత వరకు దాన్ని స్క్రూడ్రైవర్‌తో తిప్పి, మూడు నాలుగు పళ్లు వెనక్కి వదులుతాను. మధ్యమధ్యలో బ్రేకు పెడల్ రెండుసార్లు గట్టిగా తొక్కితే షూలు డ్రమ్ములో సర్దుకుంటాయి. ఆ తర్వాతే కేబుల్ నట్లు. రెండు టిక్కులకు రెండు చక్రాలూ ఒకేలా బరువెక్కాలి, నాలుగో టిక్కుకు చేత్తో అస్సలు తిరగకూడదు. నట్టు తిప్పేటప్పుడు కేబుల్ కొసనున్న గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి పట్టుకోవాలి, లేదంటే కేబులే మెలిపడుతుంది.

కాబట్టి సీట్లో కూర్చుని చేసేయొచ్చన్న నా పాత మాట సగమే నిజం. పళ్ల చక్రాలు తుప్పుపట్టాయా, డ్రమ్ము విప్పక తప్పదు. దాని 36 మిల్లీమీటర్ల నట్టు విప్పడానికి సరిపడే సాకెట్, పొడవాటి కడ్డీ, ఇద్దరి బలం కావాలి. మా ఇంట్లో గ్యారేజీ ఉంది, ఆదివారం ఖాళీ ఉంటుంది, అందుకే నాకు కుదిరింది. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లకు ఇదే సలహా ఇవ్వగలనా అంటే, చెప్పలేను. సమతలం మీదే తిరిగే బండికి ఇంత శ్రద్ధ అక్కర్లేదేమో కూడా. నేను మాత్రం ఏడాదికి రెండుసార్లు కిందికి దూరతాను. ఎత్తులో ఆపితే గేరు వేశానో లేదో రెండోసారి చూసుకున్నాకే తలుపేస్తాను.