50 గుడ్ల థర్మోకోల్ ఇంక్యుబేటర్: కొనొచ్చు, కానీ గుడ్లు పెట్టే ముందు పని ఉంది

పెరటి కోళ్లు పెంచేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా కొంటున్నది తెల్ల థర్మోకోల్ పెట్టె. లోపల బల్బు, చిన్న ఫ్యాను, గుడ్లు తిప్పే రోలర్ ట్రే, మూత మీద అంకెలు చూపే కంట్రోలర్. అమ్మేవాళ్లు వేరైనా, మీద అంటించిన పేరు వేరైనా లోపలి సరుకు దాదాపు ఒకటే. అందుకే ఇది ఒక బ్రాండు గురించి కాదు, 50–60 గుడ్లు పట్టే ఈ రకం పెట్టె గురించి. పెట్టిన డబ్బుకు ఇది న్యాయమైన వస్తువే. కాకపోతే ఇంటికి తెచ్చిన రోజే గుడ్లు పేర్చేస్తే మాత్రం నిరాశే మిగులుతుంది.

ముందుగా ఇది ఎవరికి అక్కర్లేదో చెప్పాలి. ఇంట్లో మూడు నాలుగు నాటు పెట్టలుండి, వాటిలో ఒకటి పొదుగుకు కూర్చునే రకమైతే, గంపలో ఊక పోసి 10–12 గుడ్లు పెట్టి దాన్ని కూర్చోబెట్టండి. వేడి, తేమ, తిప్పడం అన్నీ అదే చూసుకుంటుంది, పిల్లల్నీ అదే తిప్పుకుంటుంది. ఏ యంత్రమూ దానికి సాటి రాదు. చిక్కల్లా ఏమిటంటే, పొదుగు మొదలుపెట్టిన పెట్ట పిల్లలు పెద్దయ్యేదాకా మళ్లీ గుడ్డు పెట్టదు. ఏడాదికి ఇంకొన్ని గుడ్లు కావాలనుకునేవాళ్లకు, అసీల్ లాంటి మంచి జాతి గుడ్లు ఒక్కసారిగా పొదిగించాలనుకునేవాళ్లకు ఈ పెట్టె పనికొస్తుంది. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ లాంటివి పొదుగుకు కూర్చునే రకాలు కావు. అయితే అవి సంకర రకాలు. వాటి గుడ్లు ఇంట్లో పొదిగిస్తే పిల్లలు లేస్తాయి గానీ, తల్లుల గుణం పూర్తిగా రాదు. ఆ రకాలు కావాలంటే ప్రతిసారీ పిల్లల్ని కొనడమే మేలు.

ఇక కంట్రోలర్. చవక పెట్టెల్లో తరచుగా కనిపించేది డబ్ల్యూ1209 అనే చిన్న బోర్డు. వేడిని 0.1 డిగ్రీ దాకా చూపిస్తుంది, కానీ కంపెనీ నుంచి వచ్చేటప్పుడు దానిలో తేడా 2 డిగ్రీలకు పెట్టి ఉంటుంది. అంటే గుడ్లకు కావలసిన 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర బల్బు ఆరితే, 35.5కు పడిపోయేదాకా మళ్లీ వెలగదు. గుడ్లు రోజంతా తక్కువ వేడిలోనే ఉంటాయి. పిల్లలు 21వ రోజు దాటి నీరసంగా లేవడానికి ఇదొక పెద్ద కారణం. సెట్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే పీ0 వస్తుంది, ప్లస్ నొక్కి పీ1కు వెళ్లి ఆ 2ను 0.3కు తగ్గించండి. 0.1 పెడితే రిలే (బల్బును వెలిగించి ఆర్పే స్విచ్చు) నిమిషానికోసారి టిక్కుమంటూ త్వరగా అరుగుతుంది. ఎక్స్ఎం-18 రకం కంట్రోలర్ ఉన్న పెట్టె దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. వేడితోపాటు తేమ కూడా చూపిస్తుంది, అలారం ఉంటుంది.

ఏ కంట్రోలరైనా సరే, అది చూపే అంకెను పరీక్షించనిదే నమ్మకూడదు. దీనికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. జ్వరం చూసే థర్మామీటర్ సరిగ్గా మనకు కావలసిన 35–42 డిగ్రీల మధ్యే కొలుస్తుంది. పెట్టెను ఖాళీగా ఒక రోజంతా నడిపించి, థర్మామీటర్‌ను గుడ్లు ఉండే ఎత్తులో పెట్టి చూడండి. ఫారన్‌హీట్‌లో 99.5, అంటే అదే 37.5 సెల్సియస్, రావాలి. పాదరసం రకమైతే ఇంకో లాభం: అది ఎక్కిన అతి ఎక్కువ వేడి దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, పెట్టెలో వేడి ఎక్కడిదాకా ఎగబాకుతోందో తెలుస్తుంది. తేడా కనిపిస్తే డబ్ల్యూ1209లో పీ4 దగ్గర సరిచేసుకోవచ్చు. సెన్సార్ వైరు బల్బుకు ఎదురుగానో మూతకు దగ్గరగానో వేలాడుతుంటే దాన్ని గుడ్ల మట్టానికి దించండి. అది బల్బు వేడి కాదు, గుడ్డు చుట్టూ ఉన్న గాలి వేడి చూడాలి.

తేమ మీటర్‌కు ఉప్పు పరీక్ష ఉంది. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా నీటి చుక్కలు కలిపి, సెన్సార్‌తోపాటు గాలి చొరని డబ్బాలో పెట్టి మూసేయండి. ఆరేడు గంటల తర్వాత 75 శాతం చూపాలి. 68 చూపితే మీ మీటర్ 7 తక్కువ చూపుతోందన్నమాట, ఆ లెక్క గుర్తు పెట్టుకుంటే చాలు. మొదటి 18 రోజులు 50–55 శాతం, చివరి మూడు రోజులు 65–70 శాతం ఉండాలి. తేమ చాలకపోతే ఎక్కువ నీళ్లు పోయడం కాదు, వెడల్పు పళ్లెం పెట్టాలి. తేమను పెంచేది నీటి లోతు కాదు, గాలికి తగిలే నీటి వెడల్పు. వానాకాలంలో కోస్తా ఊళ్లలో మొదటి 18 రోజులు నీళ్లే అవసరం రాకపోవచ్చు. అదే పెట్టెకు అనంతపురం ఎండల్లో రెండు పళ్లేలైనా చాలవు. మీటర్ మీదే ఆధారపడకుండా గుడ్ల బరువు చూడండి. 18 రోజుల్లో గుడ్డు సుమారు 12 శాతం బరువు తగ్గాలి. మొదటి రోజు పది గుడ్లు కలిపి 450 గ్రాములు తూగితే, 18వ రోజుకు 396 దగ్గరికి రావాలి. అంతకన్నా ఎక్కువ తగ్గితే పెట్టె పొడిబారింది, బాగా తక్కువ తగ్గితే తేమ మించింది.

రోలర్ ట్రే ఈ పెట్టెలో మంచి భాగమే, కానీ దాన్ని ఫారం గుడ్డు సైజుకు చేస్తారు. నాటు గుడ్డు చిన్నది. రెండు రోలర్ల మధ్య సందులోకి దిగిపోయి తిరగకుండా అక్కడే ఉండిపోతుంది. తిరగని గుడ్డులో పిండం పొరకు అతుక్కుంటుంది, ముఖ్యంగా మొదటి వారంలో. పెన్సిల్‌తో ఒక పక్క గుణకారం గుర్తు, రెండో పక్క సున్నా వేయండి. కొన్ని గంటల తర్వాత చూస్తే ఏ గుడ్డు ఆగిపోయిందో ఇట్టే తెలుస్తుంది. రోలర్లు జరిపే వీలున్న ట్రే ఉంటే అదే ఎంచుకోవాలి. జరపలేని ట్రే అయితే ఆగిన గుడ్లను రోజుకు మూడుసార్లయినా చేత్తో తిప్పాలి.

పెట్టబోయే గుడ్లు వారం లోపువై ఉండాలి. మొన చివర కిందికి పెట్టి చల్లని చోట దాచండి. ఫ్రిజ్‌లో వద్దు, కడగొద్దు. 7వ రోజు రాత్రి చీకట్లో ఫోన్ టార్చి పెట్టి చూస్తే, బతికిన గుడ్డులో సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఏమీ లేకుండా వెలుగు నిండితే పుంజు తొక్కని గుడ్డు. ఎర్రటి గీత గుండ్రంగా కనిపిస్తే పిండం చనిపోయింది, తీసేయండి. ఉంచితే మురిగి పగిలి పెట్టెంతా పాడుచేస్తుంది.

18వ రోజు రోలర్ ట్రే తీసేయాలి, లేకపోతే పిల్ల కాలి వేళ్లు దాంట్లో ఇరుక్కుంటాయి. అడుగున గోనెపట్ట పరవండి. నున్నటి పేపరు మీద పిల్లల కాళ్లు జారి పక్కలకు విచ్చుకుపోతాయి. ఆ తర్వాత మూత తెరవొద్దు. పిల్లలు లేస్తుంటే చూడాలనే ఆత్రంతో మూత ఎత్తితే తేమ పడిపోయి, చిప్ప లోపలి పొర ఎండి, సగం చీల్చుకున్న పిల్లకు అతుక్కుంటుంది. లేచిన పిల్లకు కడుపులో సొన ఉంటుంది, ఒక రోజు మేత లేకపోయినా ఏమీ కాదు. ఈకలు ఆరాకే బయటికి తీయండి.

ఈ పెట్టెకు పెద్ద లోపం ఎండాకాలంలో బయటపడుతుంది. ఇది వేడి చేయగలదు, చల్లబరచలేదు. రోహిణి కార్తెలో రేకుల గది 40 డిగ్రీలు దాటితే బల్బు ఆరిపోయి ఉన్నా లోపల గుడ్లు ఉడుకుతూనే ఉంటాయి. గాలి ఆడే చల్లని గది లేకపోతే ఏప్రిల్, మే నెలల్లో పెట్టెను కట్టి పక్కన పెట్టడమే మంచిది. రెండో లోపం శుభ్రత. థర్మోకోల్ రంధ్రాల్లో మురికి, సొన ఇంకిపోతాయి, గట్టిగా రుద్దితే ముక్కలు రాలుతుంది. మొదటి రోజే లోపల మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, ప్రతి విడత తర్వాత మార్చండి. ఫ్యానుకు పట్టిన నూగు కూడా దులపాలి.

కరెంటు ఖర్చు భయపెట్టేంత కాదు. 60 వాట్ల బల్బు సగం సేపు వెలిగినా 21 రోజులకు సుమారు 15 యూనిట్లే. కరెంటు పోవడం మాత్రం అసలు సమస్య. రెండు మూడు గంటలైతే మూత తెరవకుండా దుప్పటి కప్పండి, గాలి రంధ్రాలు మాత్రం మూయొద్దు. అంతకు మించితే వేడినీళ్ల సీసాలు లోపల పెట్టాలి. 12 వోల్టుల బ్యాటరీకి కలిపే వీలున్న పెట్టె పల్లెల్లో అదనపు ధరకు తగినదే.

కొనేటప్పుడు మూత నాలుగు మూలలా సందు లేకుండా కూర్చుంటోందా చూడండి. ఒక 100 వాట్ల బల్బు ఉన్నదానికన్నా రెండు 40 వాట్ల బల్బులున్నది మేలు, ఒకటి మాడినా రెండోది కాపాడుతుంది. బల్బు థర్మోకోల్ గోడకు తగిలేంత దగ్గరగా ఉంటే ఆ పెట్టె వదిలేయండి, గోడ కరుగుతుంది, నిప్పు ప్రమాదమూ ఉంది. ఇక రిలే అతుక్కుపోతే బల్బు ఆరనే ఆరదు, గుడ్లన్నీ పోతాయి. బల్బు వైరులో 39 డిగ్రీల దగ్గర కరెంటు తెంపే రెండో థర్మోస్టాట్ ఒకటి ఎలక్ట్రీషియన్ చేత వేయించుకోండి.