జపాన్ రైస్ కుక్కర్‌తో ఆరేళ్లు

ఒసాకాలో మూడేళ్లు ఉండి హైదరాబాద్ వచ్చేస్తూ 48 వేల యెన్‌లు పోసి ఒక ప్రెషర్ ఐహెచ్ (గిన్నె మొత్తాన్నీ ఇండక్షన్‌తో వేడిచేసే) రైస్ కుక్కర్ తెచ్చుకున్నాం. విదేశాలకు పట్టుకెళ్లే వాళ్లకి 220 వోల్టుల మోడల్ వేరే ఉందని షాపతను చూపించాడు. అది కింద ప్లేటు వేడెక్కే మామూలు రకం, గిన్నె పలచన. "మంచివన్నీ వీళ్లే దాచుకుంటారు" అని మా ఆయనతో అన్నాను. ఆరేళ్లు వండాక ఆ మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను.

అక్కడ కరెంటు 100 వోల్టులు, మనకి 230. కాబట్టి కుక్కర్ కంటే బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి వంటింట్లో బియ్యం మూటలా కూర్చుంది. ఒకసారి మా అత్తయ్య తెలియక నేరుగా మల్టీప్లగ్‌లో పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. బటన్ల మీదున్న జపనీస్ ఆవిడకి తెలియదని "అన్నం", "జావ", "ఆపు" అని స్టిక్కర్లు అంటించాను.

అసలు సంగతి బియ్యం. కోషిహికారి లాంటి వాళ్ల బియ్యం గింజ పొట్టిగా ఉంటుంది, అన్నం చాప్‌స్టిక్స్‌కి అందేలా జిగురుగా అతుక్కోవాలి. నానబెట్టడం, ప్రెషర్‌తో 100 డిగ్రీలు దాటించడం, చివర్లో మగ్గబెట్టడం, అన్నీ ఆ జిగురు కోసమే. అదే పద్ధతిలో సోనా మసూరి వండితే మొదటి రోజు ముద్ద ముద్దగా వచ్చింది. పులిహోర కలపబోతే గరిటెకే అంటుకుపోయింది! ఇప్పుడు గిన్నెలో గీత కంటే కాస్త ఎక్కువ నీళ్లు పోసి, నానబెట్టడం, మగ్గబెట్టడం తగ్గించే క్విక్ మోడ్‌లో వండుతున్నాను. అంత డబ్బు పోసి కొన్నది ఆ ఒక్క బటన్ కోసమా అని నవ్వొస్తుంది. ఇదే మోడల్ ఇక్కడ అమ్మితే ఎంతమంది కొంటారు, కొన్నా ఎంతమంది తిట్టుకోకుండా వాడతారు?

జావ బటన్ మాత్రం బంగారం. వాళ్ల బియ్యం జావ ఒకాయు కోసం పెట్టింది, నేను పెసరపప్పు పొంగలి చేస్తాను. ఒక్కసారీ పొంగలేదు, అడుగంటలేదు.

వారంటీ జపాన్‌లోనే చెల్లుతుంది. లోపలి బ్యాటరీ అయిపోయింది, ట్రాన్స్‌ఫార్మర్ ఆపితే చాలు గడియారం మళ్లీ సున్నాకి వస్తోంది. దాన్ని మనం మార్చుకోలేం, విప్పి చూసే మెకానిక్ ఇక్కడ దొరకలేదు. ఆ మాట షాపతను ముందే చెప్పాడు, నేనే వినలేదు. మూత రబ్బరు కూడా వదులైంది. ఒసాకాలో ఉన్న స్నేహితురాలు వచ్చే నెల వస్తోంది, రెండు రబ్బర్లు తెమ్మన్నాను.