బుస్సీ వీధిలో బొబ్బిలివాళ్ళం

పుదుచ్చేరిలో గది బుక్ చేసింది నేనే, కాబట్టి తప్పు నాదే. ‘ఫ్రెంచి ఇల్లు, సముద్రం రెండు నిమిషాలు’ అని చూపించారు. రెండు రాత్రులకు 6,400 కట్టేశాను. అడ్రసులో లాల్ బహదూర్ శాస్త్రి వీధి అని ఉంది. ఆటో అతను మాత్రం ‘బుస్సీ వీధా?’ అన్నాడు.

వెనక సీట్లో నాన్న మొహం మారిపోయింది. మాది బొబ్బిలి పక్క ఊరు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదికి ఫిరంగులతో వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీయే అని మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. ‘ఏట్రా, ఆడి పేరున్న వీధిలోనా దిగేది?’ అన్నారు. అమ్మ నవ్వింది. అదే ఆవిడ ఆ రోజు ఆఖరుసారి నవ్వడం.

ఎందుకంటే ఫోటోలోని ఇల్లు సముద్రం వైపు ఉంది, మాకిచ్చిన గది ఊరి మధ్య కాలవకి ఇవతల, ఒక షాపు పైన. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. పొద్దున ఏడింటికే వచ్చామని 500, ఏసీకి రోజుకి 400, అదనపు పరుపుకి 350. వేడినీళ్ళు ఎనిమిది దాకానే. మేనేజరుని అడిగితే ‘రూల్స్ చదవలేదా సార్’ అన్నాడు.

నాన్న రిటైర్డ్ సోషల్ మాస్టారు. మంచం మీద కూర్చుని మొదలెట్టారు. సలాబత్ జంగ్‌ని 1751లో హైదరాబాదు నిజాం గద్దెనెక్కించింది బుస్సీయే. సైన్యం జీతాలకి డబ్బు చాలక 1753లో ముస్తఫానగర్ (కొండపల్లి), ఏలూరు, రాజమండ్రి, చికాకోలు (శ్రీకాకుళం) సర్కార్లు, అంటే జిల్లాల్లాంటివి, ఆయన దగ్గర రాయించుకున్నాడు. ఆ బకాయిల వసూలుకే 1756 చివర్లో మన వైపు దిగాడు. విజయనగరం రాజు మాట విని బొబ్బిలి మీద పడ్డాడు. ‘ఆడూ ఇలాగే, ముందు ఒక లెక్క, తరవాత ఒక లెక్క’ అని బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నారు.

రెండో రోజు సెంజి (జింజీ) కోట. 70 కిలోమీటర్లు, రానూపోనూ టాక్సీ 2,800. ఇది మాత్రం కచ్చితంగా చూడాలి. అక్కడి పెద్ద కొండ రాజగిరి మెట్లు మోకాళ్ళు తినేస్తాయి, అందుకని ఎండ ముదరకముందే ఎక్కండి. మూడు కొండల మీద మూడు కోటలు, మధ్యలో గోడలు. 1750లో బుస్సీ దాన్ని ఒక్క రాత్రిలో పట్టాడంటే కింద నిలబడి చూస్తే నమ్మబుద్ధి కాలేదు. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘పనిమంతుడే’ అన్నారు చివరికి, ఇష్టం లేకుండా. పదేళ్ళు తిరక్కుండానే 1760లో వందవాసి యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళకి ఖైదీగా దొరికాడని మాత్రం కొండ దిగుతూ రెండుసార్లు చెప్పారు.

కింద ఊళ్ళో ఒక చిన్న మెస్‌లో అరిటాకు భోజనం, మనిషికి 90. వత్తకుళంబు (ఎండు వరుగుల పులుసు) అడిగినన్నిసార్లు పోశారు. అమ్మ మాట్లాడడం మొదలెట్టింది అక్కడే. ఈ ప్రయాణంలో డబ్బు గిట్టుబాటైంది ఈ 270కే.

సాయంత్రం బీచ్ రోడ్డు బాగుంది, ఒకప్పటి ఫ్రెంచి గవర్నరు డూప్లే విగ్రహం ఉంది, నడిచాం, అంతే. బుస్సీ 1783లో ముసలితనంలో మళ్ళీ సైన్యంతో వచ్చి, 1785లో ఈ ఊళ్ళోనే పోయాడు.

గది ఖాళీ చేసేటప్పుడు మేనేజరు మంచి రేటింగ్ ఇస్తే 200 తగ్గిస్తానన్నాడు. నాన్న పూర్తి డబ్బు ఇచ్చి, రసీదు అడిగి, సంతకం పెట్టించుకుని మరీ బయటికొచ్చారు. మీరు వెళ్తే గది కాలవకి ఏ వైపో, కిటికీలోంచి ఏం కనిపిస్తుందో ఫోన్ చేసి అడిగాకే డబ్బు కట్టండి.