2018, 2023: రెండు తీర్పులు

2018 డిసెంబర్ 11న తెలంగాణ అసెంబ్లీ ఫలితాలు వచ్చినప్పుడు పెద్ద టెన్షన్ లేదు. 119 సీట్లలో టీఆర్‌ఎస్‌కి 88, కాంగ్రెస్‌కి 19. గడువుకి ముందే అసెంబ్లీ రద్దు చేసిన కేసీఆర్ లెక్క తప్పలేదు.

2023 డిసెంబర్ 3న అంతా తారుమారు. కాంగ్రెస్‌కి 64, బీఆర్‌ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్‌ఎస్‌కి 39. డిసెంబర్ 7న ఎల్బీ స్టేడియంలో రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే, బేగంపేటలో అప్పటిదాకా ముఖ్యమంత్రి నివాసంగా ఉన్న ప్రగతి భవన్ ముందున్న ఇనుప కంచెను కోసి తీసేశారు. ఆ రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్లకి ప్రభుత్వం మారిందని అక్కడే తెలిసింది. డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం.

నా దృష్టిలో 2023దే బరువైన తీర్పు. దాదాపు పదేళ్ల అధికారం ఓటుతోనే చేతులు మారింది. కానీ ఆ మార్పు తెచ్చింది మన నగరం కాదు, జిల్లాలు. హైదరాబాద్ జిల్లాలోని 15 సీట్లలో కాంగ్రెస్‌కి ఒక్కటీ రాలేదు.